పాత బోటు కొంటున్నారా? పన్ను ఎక్కడ కట్టాలి, ఏ దారి మేలు

అమెరికాలో పాత బోటు కొనే తెలుగువాళ్లలో చాలామందికి మొదటి లెక్కే తప్పుతుంది. అమ్మేది దుకాణం కాదు, పక్క వీధిలో ఉండే పెద్దమనిషి. ఇక సేల్స్ ట్యాక్స్ ఎక్కడిది అనుకుంటారు. ఈ ఊహ మన ఊరి అలవాటు నుంచి వచ్చింది. విజయవాడలో ఎవరి దగ్గరో పాత కారు కొంటే జీఎస్టీ ఉండదు. రవాణా శాఖలో బదిలీ రుసుము కట్టి పేరు మార్పించుకుంటే పని అయిపోతుంది. అమెరికాలో గ్యారేజ్ సేల్‌లో సోఫా కొన్నా అంతే, పన్ను అడిగేవారు ఉండరు. బోటు అలా కాదు. దానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో టైటిల్ (యజమాని ఎవరో తెలిపే పత్రం) కూడా ఉంటుంది. అమ్మినవాడు పన్ను వసూలు చేయకపోతే, పేరు మార్పించుకోవడానికి వెళ్లిన రోజున కౌంటరు దగ్గర కొన్నవాడే కట్టాలి. చాలా రాష్ట్రాల్లో పద్ధతి ఇదే, మినహాయింపులు కొద్ది.

రెండో పొరపాటు, పన్ను లేని రాష్ట్రానికి వెళ్లి కొంటే తప్పించుకోవచ్చనుకోవడం. ఒరెగన్, మోంటానా, డెలావేర్, న్యూ హాంప్‌షైర్‌లలో రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ లేదన్నది నిజమే. కానీ బోటు ఏ రాష్ట్రంలో తిరుగుతుందో, ఏ రేవులో ఉంటుందో ఆ రాష్ట్రం యూజ్ ట్యాక్స్ పేరుతో తన వాటా అడుగుతుంది. బెంగళూరులో లైఫ్ ట్యాక్స్ కట్టిన కారును హైదరాబాద్ తెచ్చి ఏడాది దాటి నడిపితే తెలంగాణకు మళ్లీ కట్టాల్సి వస్తుంది కదా, అదే సూత్రం. అందుకే ఎక్కడ కొంటే చవక అన్న ప్రశ్న కన్నా ముందు, బోటును ఎక్కడ ఉంచుతారు అన్న ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి.

పోలిక సులువుగా ఉండేందుకు ఒకే సరుకును అన్ని చోట్లా పెట్టి చూద్దాం. వ్యక్తి దగ్గర కొన్న పాత బోటు, మొత్తం ధర 24,000 డాలర్లు. అందులో పడవ 14,000, వెనుక బిగించిన ఔట్‌బోర్డ్ మోటారు 8,000, ట్రెయిలర్ 2,000.

టెక్సస్: రేటు ఒకటే, కాగితాలు మూడు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్ సరస్సులు ఇంటికి దగ్గర. టెక్సస్‌లో పడవ మీద, ఔట్‌బోర్డ్ మోటారు మీద పన్ను 6.25 శాతం. డీలరు దగ్గర కొన్నా, వ్యక్తి దగ్గర కొన్నా ఇదే రేటు. కారు సేల్స్ ట్యాక్స్ కట్టే కౌంటరుకు వెళ్లి నిలబడితే ఈ పని అవుతుందని చెప్పలేం. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ కార్యాలయంలో గానీ, బోట్ల పని కూడా చూసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో గానీ కట్టాలి. పడవకు పీడబ్ల్యూడీ 143, మోటారుకు పీడబ్ల్యూడీ 144 దరఖాస్తులు. గడువు 45 పనిదినాలు. దాటితే ముందు 5 శాతం, నెల దాటాక 10 శాతం జరిమానా పడుతుంది.

మన ఉదాహరణలో పడవకూ మోటారుకూ కలిపి 22,000 మీద 1,375 డాలర్లు. ట్రెయిలర్ రోడ్డు మీద నడిచే బండి కిందికి వస్తుంది కాబట్టి దాని 125 డాలర్లు కౌంటీలో విడిగా కట్టాలి. మొత్తం 1,500. ఖరీదైన బోటు కొనేవారికి మాత్రం ఒక ఊరట ఉంది. 2019 సెప్టెంబరు నుంచి ఈ పన్నుకు 18,750 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. అంటే 3 లక్షల డాలర్లు దాటిన ధర మీద అదనంగా పన్ను పెరగదు. మనలో ఎక్కువమందికి ఆ అవసరం రాదు.

టెక్సస్‌లో అసలు ఇబ్బంది రేటు కాదు, మోటారు టైటిల్. ఈ రాష్ట్రం పడవకు ఒక టైటిల్, ఔట్‌బోర్డ్ మోటారుకు వేరే టైటిల్ ఇస్తుంది. అమ్మేవాళ్లు పడవ టైటిల్ జాగ్రత్తగా దాచుకుంటారు, మోటారుది ఎక్కడో పోగొట్టుకుంటారు. లేదా మధ్యలో మోటారు మార్చి ఉంటారు, దాని కాగితం పాత యజమాని పేరు మీదే ఆగిపోయి ఉంటుంది. డబ్బు ఇవ్వకముందే మోటారును పడవకు బిగించిన బ్రాకెట్ మీది పట్టీలో సీరియల్ నంబరు చదివి, టైటిల్ మీద ఉన్నదానితో అక్షరం అక్షరం సరిపోల్చండి. పడవ వెనుక భాగంలో, కుడివైపు పైన చెక్కి ఉండే 12 అక్షరాల గుర్తింపు సంఖ్యను కూడా అలాగే చూడండి. ఆ 12లో మొదటి మూడు తయారీదారు సంకేతం, చివరి రెండు మోడల్ సంవత్సరం. 2012 మోడల్ అని చెబుతున్న పడవ చివర 08 కనిపిస్తే బేరం అక్కడే ఆపవచ్చు. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైటులో బోటు యజమాని ఎవరో, అప్పు ఉందో లేదో చూసుకునే సౌకర్యం ఉంది. రెండు నిమిషాల పని.

ఫ్లోరిడా: ఒక్క కాగితం రాసే తీరు మీద 480 డాలర్లు

ఫ్లోరిడాలో రాష్ట్ర రేటు 6 శాతం. దానిపై కౌంటీ సర్‌టాక్స్ (అదనపు పన్ను) ఉంటుంది గానీ అది మొదటి 5,000 డాలర్ల మీదే. బోటు మీద గరిష్ఠ పన్ను 18,000 డాలర్లు. వ్యక్తి దగ్గర కొన్నా పన్ను తప్పదు. కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ కార్యాలయంలో 30 రోజుల లోపు పేరు మార్పించుకునేటప్పుడు కట్టాలి.

ఇక్కడ తెలిసినవాళ్లు తప్పకుండా వాడుకునే ఒక వెసులుబాటు ఉంది. వ్యక్తి దగ్గర కొన్నప్పుడు అమ్మకపు పత్రంలో పడవ ధర, ఔట్‌బోర్డ్ మోటారు ధర, ట్రెయిలర్ ధర విడివిడిగా రాస్తే మోటారు మీద పన్ను వేయరు. పడవ, ట్రెయిలర్‌ల మీదే లెక్క కడతారు. మన బోటుకు 16,000 మీద 6 శాతం, అంటే 960 డాలర్లు. అదే పత్రంలో ‘బోటు, మోటారు, ట్రెయిలర్ కలిపి 24,000’ అని ఒకే వరుసలో రాస్తే 1,440. కౌంటీ సర్‌టాక్స్ పక్కన పెట్టినా తేడా 480 డాలర్లు. పడవ లోపలే అమర్చి ఉండే ఇన్‌బోర్డ్ ఇంజనుకు ఈ సౌలభ్యం లేదు, అది పడవలో భాగమే. ధరలు విడదీయమంటే అమ్మేవాడు విచిత్రంగా చూడవచ్చు. అతనికి పైసా నష్టం లేదని చెబితే ఒప్పుకుంటాడు. విడదీసిన ధరలు మాత్రం నమ్మదగ్గట్టు ఉండాలి. పదేళ్ల మోటారుకు 20,000 అని, దాని కింద తేలే పడవకు 2,000 అని రాస్తే కౌంటరులోని మనిషికి నవ్వే వస్తుంది.

వేరే రాష్ట్రంవాళ్లు ఫ్లోరిడాలో కొని పన్ను లేకుండా తీసుకుపోవచ్చని విని ఉంటారు. ఆ మినహాయింపు అక్కడ నమోదైన డీలరు లేదా బ్రోకరు ద్వారా కొన్నవారికే. వ్యక్తి దగ్గర నేరుగా కొంటే అది వర్తించదు. దూరం వెళ్లి కొనాలనుకునేవారికి డీలరు దారి మెరుగయ్యే సందర్భం ఇది.

జార్జియా: కొన్నప్పుడు సున్నా, ఆ తర్వాత ఏటా

అట్లాంటాలో ఉన్నవారు అదృష్టవంతులే. ఆల్ఫరెట్టా, కమింగ్‌ల నుంచి లేక్ లేనియర్ ఎంతో దూరం లేదు, పైగా జార్జియాలో వ్యక్తి దగ్గర పాత బోటు కొంటే సేల్స్ ట్యాక్స్ ఉండదు. అదే బోటు డీలరు అమ్మితే రాష్ట్ర 4 శాతానికి స్థానిక పన్ను కలిసి చాలా కౌంటీల్లో 7, 8 శాతం అవుతుంది. మన 24,000 డాలర్ల సరుకు మీద 7 శాతం అంటే 1,680. డీలరుకూ వ్యక్తికీ ఇంత స్పష్టమైన తేడా కనిపించే చోట్లు తక్కువ. జార్జియాలో బోటు కొనేవారికి నా సలహా ఒకటే: డీలరు ధర వ్యక్తి ధరకు సమానంగా కనిపిస్తే అది నిజానికి ఏడెనిమిది శాతం ఎక్కువ.

అయితే ఈ రాష్ట్రం బోట్లకు టైటిల్ ఇవ్వదు, రిజిస్ట్రేషన్ మాత్రమే. యజమాని అతనేనని నిరూపించే బలమైన కాగితం లేదు కాబట్టి అమ్మకపు పత్రం మీదే మొత్తం బరువు పడుతుంది. రిజిస్ట్రేషన్ కార్డు మీది పేరు, మీకు అమ్ముతున్న మనిషి గుర్తింపు కార్డు మీది పేరు ఒకటేనా చూడండి. కాకపోతే మధ్యలో ఎవరు కొన్నారో, ఆ కాగితం ఏదో అడగండి.

ఆ తర్వాత ఏటా ఆస్తి పన్ను వస్తుంది. మార్కెట్ విలువలో 40 శాతాన్ని లెక్కలోకి తీసుకుని కౌంటీ మిల్లేజీ రేటుతో గుణిస్తారు. ఒక మిల్లు అంటే వెయ్యి డాలర్లకు ఒక డాలరు. 40,000 డాలర్ల బోటు, 30 మిల్లులు అనుకుంటే ఏడాదికి 480 డాలర్లు. అదే బోటుకు టెక్సస్‌లో ఒకేసారి 2,500 కట్టి ఊరుకుంటారు. సొంత సరదాకు వాడే బోటు మీద అక్కడ మామూలుగా ఆస్తి పన్ను ఉండదు. ఐదారేళ్లు ఉంచుకుంటే రెండు రాష్ట్రాల లెక్కా ఇంచుమించు సమానమవుతుంది. బోటు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. చిన్న బోటువాళ్లకు మాత్రం జార్జియా మరింత మేలు చేసింది. 2024 నవంబరులో ఓటర్లు ఆమోదించాక వ్యక్తిగత చరాస్తి మినహాయింపు 7,500 డాలర్ల నుంచి 20,000కు పెరిగింది. మొత్తం విలువ ఆ గీత లోపల ఉంటే ఆస్తి పన్ను లేదు. 19,000 డాలర్ల బోటుకూ 22,000 డాలర్ల బోటుకూ మధ్య ఊగిసలాడేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మిగతా రాష్ట్రాలు, త్వరగా

వర్జీనియాలో బోటు మీద పన్ను 2 శాతమే, ఎంత ఖరీదైనదైనా 2,000 డాలర్లు దాటదు. మన 22,000కు 440. కానీ చాలా కౌంటీలు, నగరాలు ఏటా చరాస్తి పన్ను వేస్తాయి, రేట్లు ఊరికో తీరు. ఇల్లు ఒక కౌంటీలో, రేవు ఇంకో కౌంటీలో ఉంటే రెండింటి రేట్లూ చూసి రేవు ఎంచుకునేవాళ్లున్నారు. పక్కనే మేరీలాండ్‌లో 5 శాతం.

న్యూజెర్సీలో మామూలు రేటు 6.625 శాతమైనా 2016 ఫిబ్రవరి నుంచి బోట్లకు అందులో సగం, 3.3125 శాతం. కనెక్టికట్‌లో 2.99. రోడ్ ఐలండ్‌లో బోట్ల మీద సేల్స్ ట్యాక్స్ అసలే లేదు. న్యూయార్క్‌లో 2 లక్షల 30 వేల డాలర్ల వరకే పన్ను, ఆపై ధరకు ఉండదు. అమెరికా ఈశాన్యాన ఇన్ని రాయితీలు దయతో పుట్టినవి కావు. ఖరీదైన బోట్లు పక్క రాష్ట్రానికి తరలిపోతాయనే భయంతో ఒకరిని చూసి ఒకరు తగ్గించుకుంటూ పోయారు.

పడమటి తీరంలో ఆ పోటీ కనిపించదు. వాషింగ్టన్‌లో వ్యక్తి దగ్గర కొన్నా స్థానిక సేల్స్ ట్యాక్స్ రేటునే యూజ్ ట్యాక్స్‌గా కట్టాలి. బెల్వ్యూ వైపు అది 10 శాతం దాటుతుంది. 16 అడుగులు, అంతకు మించిన బోట్లకు ఏటా విలువలో అర శాతం అదనం. కాలిఫోర్నియాలోనూ కొన్నవాడి ప్రాంతపు రేటే. బే ఏరియాలో 9 శాతం పైమాటే, ఆపై ఏటా కౌంటీ ఆస్తి పన్ను సుమారు 1 శాతం. ఈ రెండు చోట్లా నేనైతే కొనడం కన్నా బోట్ క్లబ్ సభ్యత్వం గురించి ముందు ఆలోచిస్తాను. ఏడాదిలో పది వారాంతాలు కూడా నీటి మీదికి వెళ్లని కుటుంబానికి అది చాలు.

డీలరుకు పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమా, సొంతంగా అమ్ముకోవడమా

ఇప్పటికే ఒక బోటు ఉండి పెద్దది కొనేవారికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో పాత బోటు డీలరుకు ఇస్తే దాని విలువ తీసేసి మిగతాదాని మీదే పన్ను వేస్తారు. డీలరు ఈ మాటనే గట్టిగా వినిపిస్తాడు. లెక్క చూడండి: 30,000 డాలర్ల బోటు, మీ పాతదానికి డీలరు 8,000 ఇస్తానన్నాడు. పన్ను 1,875కు బదులు 1,375. ఆదా 500. అదే పాత బోటును మీరే అమ్మితే 9,500 వస్తుందనుకుంటే అదనంగా 1,500 చేతికొస్తుంది. 500 వదులుకున్నా వెయ్యి మిగులు. డీలరు ఇచ్చే ధర, బయటి ధర కన్నా తాను ఇచ్చేదాంట్లో 6.25 శాతానికి మించి తక్కువైతే సొంతంగా అమ్మడమే లాభం. ఇక మూడు నెలలు ప్రకటనలు పెట్టి, ఫోన్లు ఎత్తి, చూసి వెళ్లిపోయేవాళ్లను భరించే ఓపిక ఉందా అన్నది మీకే తెలియాలి. కాలిఫోర్నియావాళ్లు ఈ లెక్క వేసుకోనక్కరలేదు. అక్కడ పాతది ఇచ్చినా పూర్తి ధర మీదే పన్ను.

పన్ను తగ్గించే ‘తెలివైన’ దారులు

ధర తక్కువ రాయించడం అన్నిటికన్నా పాతది. 24,000 ఇచ్చి కాగితం మీద 9,000 రాయమని కొందరు స్నేహితులే సలహా ఇస్తారు. ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం మీద అబద్ధం రాయడం అది. న్యూయార్క్‌లాంటి చోట మార్కెట్ విలువ కన్నా ధర తక్కువుంటే డీటీఎఫ్-802 పత్రంలో అమ్మినవాడి చేత కూడా కారణం రాయిస్తారు. ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. బోటు దొంగల పాలై బీమా అడిగితే మీ అమ్మకపు పత్రమే సాక్ష్యం. దాని మీద 9,000 అనే ఉంటుంది. వెయ్యి డాలర్ల పన్ను మిగుల్చుకోబోయి పదిహేను వేల మీద వాదించుకోవడం దేనికి?

మోంటానాలో ఎల్‌ఎల్‌సీ పెట్టి దాని పేరున బోటు కొనడం రెండోది. ఆ కంపెనీ బోటు టెక్సస్‌లో లూయిస్‌విల్ సరస్సులోనో, గాల్వెస్టన్‌లోనో సంవత్సరమంతా ఉంటే ఆ రాష్ట్రం యూజ్ ట్యాక్స్ అడుగుతుంది, జరిమానాతో సహా. కంపెనీకి ఏటా అయ్యే ఖర్చు వేరే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు ఎల్‌ఎల్‌సీ పేరుతో బోటును అద్దెకు తిప్పాలనుకుంటే ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగాలి, పన్ను సంగతి తర్వాత.

మూడోది కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్. నికర టన్నేజీ (బోటు లోపలి చోటును కొలిచే లెక్క) కనీసం 5 ఉన్న బోట్లను రాష్ట్ర టైటిల్ లేకుండా కేంద్రంలో నమోదు చేసుకోవచ్చు. దీంతో పన్ను తప్పుతుందని ప్రచారం ఉంది. తప్పదు, కాలిఫోర్నియాలో ఇలాంటి బోట్ల యూజ్ ట్యాక్స్‌ను డీఎంవీ కాకుండా రాష్ట్ర పన్నుల శాఖ నేరుగా వసూలు చేస్తుంది, అంతే తేడా. పైగా ఈ నమోదు అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డు ఉన్నా సరిపోదు. మన సమాజంలో చాలామందికి ఈ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

వీటికి బదులు న్యాయంగా దొరికే తగ్గింపులు కొన్ని ఉన్నాయి. వేరే రాష్ట్రంలో చట్టప్రకారం పన్ను కట్టి ఉంటే ఆ రసీదు చూపిస్తే మీ రాష్ట్రం సాధారణంగా అంత మేరకు తగ్గిస్తుంది. మిషిగన్‌లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తల వంటి దగ్గరి కుటుంబ సభ్యుల మధ్య చేతులు మారితే 6 శాతం యూజ్ ట్యాక్స్ ఉండదు. వేరే రాష్ట్రం నుంచి టెక్సస్‌కు మారి సొంత బోటు వెంట తెచ్చుకున్నవారికి కొత్త నివాసి పన్ను 15 డాలర్లే. ఇల్లు మారే ఆలోచన ఉంటే బోటు ముందు కొనాలా, వెళ్లాక కొనాలా అన్నది ఇక్కడ తేల్చుకోవాల్సిన విషయం. మారడానికి వారం ముందు కొంటే అది అనుమానాలకు తావిస్తుంది, ఏడాదిగా వాడుతున్న బోటైతే ఎవరూ అడగరు.

కట్టిన పన్ను ఫెడరల్ రిటర్నులో

టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాలవాళ్లకు జీతం మీద రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. వీళ్లు షెడ్యూల్ ఏలో (ప్రామాణిక మినహాయింపుకు బదులు ఖర్చులను విడివిడిగా చూపే ఫారం) దానికి బదులు సేల్స్ ట్యాక్స్ చూపుకోవచ్చు. ఐఆర్ఎస్ పట్టిక ఇచ్చే మొత్తానికి బోటు మీద కట్టిన పన్నును విడిగా కలపనిస్తారు, దాని రేటు సాధారణ సేల్స్ ట్యాక్స్ రేటే అయితే. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి 2018 నుంచి 10,000 డాలర్లు ఉండేది. ఇంటి పన్నే దాన్ని మింగేసేది కాబట్టి బోటు పన్నుకు చోటే ఉండేది కాదు. 2025కు ఆ పరిమితి 40,000 అయింది. దంపతులకు ప్రామాణిక మినహాయింపు ఆ ఏడాది 31,500. ఇంటి రుణ వడ్డీ, ఇంటి పన్ను, విరాళాలు కలిపి ఈ అంకె దగ్గరికి వస్తున్నవారికి బోటు పన్ను పనికొస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి సాధారణంగా పనికిరాదు.

ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి ఒక బోటు కొనడం మనవాళ్లలో మామూలే. అలాంటప్పుడు ఒకరి పేరున కొని తర్వాత చూద్దాం అనుకోవద్దు. తర్వాత పేరు చేర్చాలంటే అది మళ్లీ ఒక బదిలీ, మళ్లీ కాగితాలు. మొదటి రోజే టైటిల్ మీద అందరి పేర్లూ రాయించండి. పన్ను ఎవరు ఎంత కట్టారో రసీదు నకలు మీద రాసి అందరికీ పంపండి. రిటర్నులో ఎవరి వాటా వారు చూపుకోవడానికి అదే ఆధారం.